కారు అద్దాలకు ఆవిరి పడుతోందా? చలికాలంలోనూ ఏసీ ఎందుకు వేయాలి? ఏ బటన్ ఎప్పుడు నొక్కాలి?

డిసెంబర్ వచ్చిందంటే వరంగల్‌లో కారు తీసేవారికి రోజూ ఉదయం ఒకటే తంటా. హైదరాబాద్‌లో ఆఫీసు టైముకు చేరాలని చీకటితోనే మడికొండ దాటేవాళ్లు, సంక్రాంతికి ఐనవోలు మల్లన్న దర్శనానికి బయల్దేరేవాళ్లు, రెండేళ్లకోసారి మేడారం వెళ్లేవాళ్లు.. అందరిదీ అదే పరిస్థితి. బయట చలి, లోపల నిండా మనుషులు, అద్దాలన్నీ మూసే ఉంటాయి. పది నిమిషాలు తిరగకుండానే ముందు అద్దం తెల్లగా మారిపోతుంది. చేత్తోనో, కండువాతోనో తుడిస్తే రెండు నిమిషాలు బాగుంటుంది, మళ్లీ అంతే.

దీనికి ఖర్చు లేని పరిష్కారం మీ డాష్‌బోర్డు మీదే ఉంది. కాకపోతే చాలామంది చలికాలంలో చేసేది దానికి సరిగ్గా వ్యతిరేకం. చలి అని ఏసీ ఆపేస్తారు, దుమ్ము రాకూడదని బయటి గాలి మూసేస్తారు. అద్దం మసకబారడానికి ఈ రెండే అసలు కారణం.

క్లుప్తంగా చెప్పాలంటే..

- ఆవిరి లోపలి వైపు ఉంటే: గాలిని ముందు అద్దం మీదికి తిప్పండి, ఏసీ ఆన్ చేయండి, వేడి పెంచండి, బయటి గాలి లోపలికి రానివ్వండి.
- ఆవిరి బయటి వైపు ఉంటే: వైపర్ వేయండి, ఏసీ చల్లదనం తగ్గించండి, చల్లగాలి అద్దానికి తగలకుండా చూడండి.
- ఏమీ కనిపించకపోతే: నడుపుతూ తుడవకండి. రోడ్డు దిగి ఆపి, అద్దం పూర్తిగా తేటపడ్డాకే కదలండి.

మూడు సెకన్లకు 50 మీటర్లు

గంటకు 60 కి.మీ. వేగంతో వెళ్లే కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు కదులుతుంది. మీరు ముందుకు వంగి అద్దం తుడవడానికి మూడు సెకన్లు పట్టిందనుకోండి, ఆ లోపు కారు 50 మీటర్లు వెళ్లిపోతుంది. 80 కి.మీ. వేగంలో అయితే దాదాపు 67 మీటర్లు.

వరంగల్ చుట్టుపక్కల రోడ్ల మీద ఈ 50 మీటర్లు చిన్న దూరం కాదు. ఈ సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు పత్తి బస్తాలతో ట్రాక్టర్లు, డీసీఎంలు రాత్రంతా నడుస్తుంటాయి. వెనక లైటు లేని ట్రాలీ దగ్గరికి వెళ్లేదాకా కనిపించదు. హైదరాబాద్ జాతీయ రహదారి 163 మీద అంచున ఆగి ఉన్న లారీలు మరో ప్రమాదం. చెరువుల పక్కన, యాసంగి నాట్లకు నీళ్లు పెట్టిన పొలాల మధ్య పొగమంచు చిక్కగా పడుతుంది. బయటి మంచుకు తోడు మీ అద్దం మీద కూడా తెర పడితే చూపు సగానికి సగం పోయినట్టే. బయటి మంచును మీరు ఆపలేరు, అద్దం మీది తెరను మాత్రం తీసేయగలరు.

ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

గాలిలో కంటికి కనిపించని నీటి ఆవిరి ఉంటుంది. వేడి గాలి ఎక్కువ ఆవిరిని మోయగలదు, చల్లగాలి తక్కువే మోయగలదు. 25 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి గరిష్ఠంగా 23 గ్రాముల ఆవిరిని పట్టుకుంటే, 15 డిగ్రీల దగ్గర దాదాపు 13 గ్రాములే పట్టుకోగలదు. వరంగల్‌లో చలికాలపు రాత్రుల్లో ఉష్ణోగ్రత సాధారణంగా ఈ 15 డిగ్రీల చుట్టూనే ఉంటుంది, చలిగాలులు వీస్తే ఇంకా పడిపోతుంది. కారు లోపలి వెచ్చని గాలి చల్లబడిన అద్దానికి తగలగానే మోయలేని ఆవిరిని అక్కడే వదిలేస్తుంది. అది సన్నని నీటి చుక్కలుగా అద్దానికి అంటుకుంటుంది. చల్లని నీళ్ల గ్లాసు బయట చెమట పట్టడం కూడా ఇదే.

ఆ ఆవిరిలో ఎక్కువ భాగం మనుషుల నుంచే వస్తుంది. మనం వదిలే శ్వాసలోనే రోజుకు 300 నుంచి 400 మిల్లీలీటర్ల నీళ్లు బయటికి పోతాయి. ఐదుగురు కూర్చున్న కారులో గంటకు 60 నుంచి 80 మిల్లీలీటర్లు అన్నమాట. ఒక మామూలు కారు లోపల దాదాపు 3 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. 15 డిగ్రీల దగ్గర అంత గాలి పట్టుకోగలిగే ఆవిరి 40 గ్రాముల లోపే. అంటే అద్దాలన్నీ మూసి ఐదుగురు ప్రయాణిస్తే అరగంటలోనే గాలి నిండిపోతుంది. ఎక్కేటప్పటికే గాలిలో కొంత తేమ ఉంటుంది కాబట్టి నిజానికి అంతసేపు కూడా పట్టదు. తడిసిన చెప్పులు, టవళ్లు, తడి తలతో కూర్చున్నవాళ్లు, ఫ్లాస్కులో వేడి టీ.. ఇవన్నీ దానికి తోడు.

బటన్ నొక్కే ముందు ఏ వైపో చూడండి

ఆవిరి లోపల పడిందా, బయట పడిందా అన్నది ముందు తేల్చుకోవాలి. రెండింటికీ మందు ఒకటి కాదు. బండి ఆగి ఉన్నప్పుడు అద్దం మూల మీద లోపలి నుంచి వేలితో ఒక గీత గీయండి. గీత తేటగా కనిపిస్తే ఆవిరి లోపల ఉంది. ఏ మార్పూ లేకపోతే బయట ఉంది. వైపర్ ఒకసారి తిప్పినా తెలిసిపోతుంది. వైపర్‌తో పోయిందంటే అది బయటిదే.

చలికాలంలో నడుస్తున్న కారులో పడేది ఎక్కువగా లోపలిదే. వానాకాలం ఉక్కపోతలో ఏసీ బాగా చల్లగా పెట్టినప్పుడు పడేది ఎక్కువగా బయటిది.

లోపల పడితే ఈ వరుసలో చేయండి

1. గాలిని ముందు అద్దం మీదికి తిప్పండి. విసనకర్ర ఆకారంలో ఉండి, పైకి వంకర బాణాలు ఉన్న గుర్తు అదే. చాలా మోడళ్లలో ఈ బటన్ నొక్కగానే ఏసీ, బయటి గాలి కూడా వాటంతటవే ఆన్ అవుతాయి.

2. ఫ్యాన్ వేగం పూర్తిగా పెంచండి. అద్దం తేటపడ్డాక తగ్గించుకోవచ్చు.

3. ఏసీ ఆన్ చేయండి. ఇక్కడ ఏసీ పని చల్లబరచడం కాదు, గాలిలోని తడిని తీసేయడం. ఏసీ లోపలి చల్లని కాయిల్ మీద తేమ నీళ్లుగా మారి, గొట్టం ద్వారా కారు కిందికి కారిపోతుంది. ఎండాకాలంలో ఆగి ఉన్న కారు కింద కనిపించే నీళ్లు అవే.

4. ఉష్ణోగ్రత నాబ్‌ను ఎరుపు వైపు తిప్పండి. అద్దం వెచ్చబడితే ఆవిరి నిలవదు. ఇంజిన్ వేడెక్కడానికి కొన్ని నిమిషాలు పడుతుంది కాబట్టి మొదట్లో వేడి గాలి రాకపోయినా కంగారు పడకండి.

5. రీసర్క్యులేషన్ ఆపేయండి. కారు బొమ్మ లోపల గుండ్రంగా తిరిగే బాణం ఉంటే అది లోపలి గాలినే తిప్పే బటన్. దాని లైటు ఆరిపోవాలి. బయటి నుంచి కారులోకి వచ్చే బాణం గుర్తు మీ కారులో ఉంటే దాన్ని ఎంచుకోండి.

ఇంకా తొందరగా పోవాలంటే డ్రైవర్ పక్క అద్దం, దానికి ఎదురు మూలలో ఉన్న వెనక అద్దం ఒక్కో అంగుళం దించండి. గాలి అడ్డంగా దాటిపోతూ తేమను లాక్కుపోతుంది. కాసేపు చలి వేస్తుంది కానీ, అన్నింటికంటే త్వరగా పనిచేసేది ఇదే.

చాలామందికి వచ్చే మూడు సందేహాలు

చలిలో ఏసీ వేస్తే వణికిపోమా?
వణకరు. ఏసీ, హీటర్ ఒకేసారి పనిచేయగలవు. గాలి ముందు ఏసీ కాయిల్ మీదుగా వెళ్లి తడి వదిలేస్తుంది, తర్వాత హీటర్ మీదుగా వచ్చి వేడెక్కుతుంది. మీ మీదికి వచ్చేది పొడిగా, వెచ్చగా ఉన్న గాలి. బాగా చలిగా ఉండే కొండ ప్రాంతాల్లో, గడ్డకట్టే ఉష్ణోగ్రతల దగ్గర చాలా కార్ల ఏసీ కంప్రెసర్ ఆగిపోతుంది. మన దగ్గర అంత చలి ఉండదు కాబట్టి ఏసీ నిక్షేపంగా పనిచేస్తుంది.

బయట మంచు కురుస్తుంటే ఆ తడి గాలిని లోపలికి రానివ్వడం ఏంటి?
లెక్క చూడండి. బయట 15 డిగ్రీల చలిలో గాలి పూర్తిగా తడిగా ఉన్నా, ఘనపు మీటరుకు 13 గ్రాముల ఆవిరే ఉంటుంది. అదే గాలిని లోపల 25 డిగ్రీలకు వేడి చేస్తే అది 23 గ్రాములు మోయగలదు. అంటే ఇంకా సగం దాకా ఖాళీ ఉన్నట్టు. అందుకే పొగమంచులోంచి వచ్చిన గాలి కూడా వేడెక్కాక మీ అద్దాన్ని ఆరబెడుతుంది. ఐదుగురి ఊపిరితో నిండిన లోపలి గాలికి ఆ అవకాశం లేదు.

పెట్రోల్ ఎక్కువ కాలదా?
పెట్రోల్, డీజిల్ కార్లలో హీటర్ ఇంజిన్ వేడినే వాడుకుంటుంది, దానికి అదనపు ఇంధనం దాదాపు అక్కర్లేదు. ఏసీకి మాత్రం కొంత ఖర్చవుతుంది. అద్దం తేటపడ్డాక ఫ్యాన్ తగ్గించి, వేడిగాలి, బయటి గాలి అలాగే ఉంచితే సాధారణంగా సరిపోతుంది. ఎలక్ట్రిక్ కార్లలో హీటర్, ఏసీ రెండూ బ్యాటరీ నుంచే నడుస్తాయి కాబట్టి దూర ప్రయాణంలో చార్జింగ్ లెక్క వేసుకోండి.

ఒక జాగ్రత్త. ఏసీ ఆపగానే రీసర్క్యులేషన్ పెట్టకండి. కాయిల్ మీద మిగిలిన తడి మళ్లీ గాలిలో కలిసి, ఉన్నట్టుండి అద్దమంతా తెల్లగా కమ్మేస్తుంది.

బయట పడితే

వాన వెలిసిన రాత్రి ఏసీ బాగా చల్లగా పెడితే ముందు అద్దం కింది భాగం బయటి నుంచి మసకబారుతుంది. అద్దం చల్లబడి, బయటి తడి గాలి దాని మీద ఆవిరి వదలడమే కారణం. వైపర్ ఒకసారి వేయండి. ఏసీ ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీలు పెంచండి. చల్లగాలి అద్దం మీదికి కాకుండా మీ వైపు వచ్చేలా తిప్పండి. ఈ పరిస్థితిలో అద్దం మీదికి ఇంకా చల్లగాలి కొడితే ఆవిరి పెరుగుతుందే తప్ప తగ్గదు.

ఉదయం కారు తీసేటప్పుడు బయట కనిపించేది రాత్రి పడ్డ మంచు. తెరిచి ఉన్న ఆకాశం కింద అద్దం తన వేడిని పోగొట్టుకుని చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది. అందుకే ఇంటి ముందు వీధిలో నిలిపిన కారు తడిసి ముద్దవుతుంది, పోర్టికోలో ఉన్న కారు పొడిగా ఉంటుంది. షెడ్డు లేకపోతే కవర్ కప్పండి. మంచు పడ్డ అద్దం మీద దుమ్ము కూడా ఉంటుంది కాబట్టి వైపర్ వేసే ముందు వాషర్ నీళ్లు కొట్టండి. లేదంటే బురద పూసినట్టవుతుంది. పక్క అద్దాలను గుడ్డతో తుడవండి. వేడి నీళ్లు మాత్రం పోయొద్దు. చల్లని అద్దం మీద ఒక్కసారిగా వేడి పడితే, చిన్న బీట ఉన్నా అది సాగిపోతుంది.

వెనక అద్దం సంగతి

వెనక అద్దం మీద అడ్డంగా సన్నని గీతలు కనిపిస్తే మీ కారుకు డీఫాగర్ ఉన్నట్టే. ఇది గాలితో కాకుండా కరెంటుతో అద్దాన్ని వేడి చేస్తుంది. దీర్ఘచతురస్రంలో వంకర బాణాలు ఉన్న బటన్ దానిది. చాలా కార్లలో కొన్ని నిమిషాల తర్వాత అదే ఆగిపోతుంది, అవసరమైతే మళ్లీ నొక్కాలి. తుడిచేటప్పుడు గీతల వెంబడి అడ్డంగా తుడవండి. స్టిక్కర్లు అంటించి బ్లేడుతో గీకితే గీత తెగి, అంతమేర ఆవిరి పోదు.

ఆవిరి పట్టకుండా ఫిల్మ్ వేయిస్తామని ఎవరైనా అంటే ముందు నిబంధన గుర్తు చేసుకోండి. ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి కనీసం 50 శాతం వెలుతురు రావాలని మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. నల్ల ఫిల్ములపై సుప్రీంకోర్టు 2012లోనే కఠిన ఆదేశాలిచ్చింది.

ఏసీ పనిచేయని కారా?

పాత కార్లలో, ఏసీ గ్యాస్ అయిపోయిన కార్లలో కూడా దారి ఉంది. గాలిని అద్దం మీదికి తిప్పి ఫ్యాన్ వేయండి. హీటర్ ఉంటే వేడి పెట్టండి. అద్దాలు ఒక అంగుళం దించి ఉంచండి. లోపలి వేడిని బయటి చలికి దగ్గరగా తెస్తే ఆవిరి నిలవదు. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే వెనక సీటు వాళ్లకు దుప్పటి ఇచ్చి ముందు అద్దాలు దించుకోండి.

రాకుండా ముందు రోజే చేసుకునే పనులు

- అద్దం లోపలి వైపు వారానికోసారి శుభ్రం చేయండి. డాష్‌బోర్డు ప్లాస్టిక్ నుంచి, చేతుల నుంచి, కారులో వెలిగించే అగరబత్తీల పొగ నుంచి అద్దానికి సన్నని జిడ్డు పొర పడుతుంది. జిడ్డు అద్దం మీద ఆవిరి తొందరగా, చిక్కగా పడుతుంది. శుభ్రమైన అద్దం చాలావరకు తట్టుకుంటుంది.
- గ్లాస్ క్లీనర్‌తో తుడిచి, మరో పొడి మైక్రోఫైబర్ గుడ్డతో ఆరబెట్టండి. ఆ గుడ్డ ఒకటి డోరులో ఎప్పుడూ ఉంచండి.
- తడి మ్యాట్లు, టవళ్లు, గొడుగులు రాత్రి కారులో వదలకండి. మధ్యాహ్నం ఎండలో అద్దాలు దించి కాసేపు ఆరనివ్వండి.
- క్యాబిన్ ఫిల్టర్ చూపించండి. దుమ్ముతో మూసుకుపోతే ఫ్యాన్ ఎంత పెట్టినా గాలి రాదు.

ఇంటి చిట్కాల్లో ఏది నిజం?

షేవింగ్ ఫోమ్, సబ్బు: పనిచేస్తాయి. కొద్దిగా రాసి పూర్తిగా తుడిచేస్తే కనిపించని పొర మిగులుతుంది. దాని మీద నీళ్లు చుక్కలుగా నిలవకుండా పలచని పొరలా పరుచుకుంటాయి, చూపు తేటగా ఉంటుంది. కొన్ని రోజులకు మళ్లీ రాయాలి. సరిగా తుడవకపోతే ఎదురు లైట్లకు అద్దం మెరుస్తుంది. పగలు రాసి చూసుకోండి.

ఆలుగడ్డ ముక్క, పొగాకు: లారీ డ్రైవర్ల దగ్గర వినిపించే చిట్కాలివి. ఎక్కువగా వానలో బయటి అద్దానికి రాస్తారు. కాసేపు పనిచేసినా మరకలు మిగులుతాయి. లోపలి అద్దానికి వద్దు.

సాక్సులో బియ్యం, సిలికా జెల్ సంచులు: నిలిపి ఉంచిన కారులో తేమను కాస్త పీలుస్తాయి. ఐదుగురి ఊపిరి ముందు అవి చాలవు.

కిరోసిన్, డీజిల్, వంటనూనె: అస్సలు వద్దు. జిడ్డు పొర మిగిలి, రాత్రి ఎదురు బండి లైటు అద్దమంతా పరుచుకుంటుంది.

ఎంత చేసినా మళ్లీ వస్తోందా? మెకానిక్‌కు చూపించండి

అన్నీ సరిగా చేసినా రోజూ ఆవిరి పడుతుంటే కారులోకి ఎక్కడి నుంచో నీళ్లు వస్తున్నట్టు. ఈ మూడు గుర్తులు చూడండి.

ముందు సీటు కింద కార్పెట్ తడిగా ఉంటే ఏసీ నీళ్లు పోయే గొట్టం మూసుకుపోయి ఉండొచ్చు. సర్వీసులో శుభ్రం చేయించుకుంటే సరిపోతుంది.

వాన పడ్డ తర్వాతే తడి కనిపిస్తే డోరు రబ్బర్లు, అద్దం చుట్టూ ఉన్న సీలు చూడాలి.

అద్దం మీద పడేది జిడ్డుగా ఉండి, తీయటి వాసన వస్తూ, కూలెంట్ తగ్గుతుంటే ఆలస్యం చేయకండి. హీటర్‌లోంచి కూలెంట్ కారుతోందన్న మాట. అద్దం సంగతి అటుంచి, కూలెంట్ అయిపోతే ఇంజినే దెబ్బతింటుంది.

మేడారం లాంటి రాత్రి ప్రయాణాలకు

సమ్మక్క-సారలమ్మ జాతర 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు, 2026లో జనవరి 28 నుంచి 31 వరకు జరిగింది. రెండూ రాత్రి చలి ఉండే రోజులే. ములుగు, పస్రా దాటాక అడవి మధ్య దారి, బారులు తీరిన బండ్లు, ప్రతి కారులో కిక్కిరిసిన జనం. అద్దాలకు ఆవిరి పట్టడానికి ఇంతకంటే ఏం కావాలి? జంపన్న వాగులో స్నానం చేసి తడి బట్టలతో కారెక్కితే తిరుగు ప్రయాణంలో ఇంకా ఎక్కువ. తడి బట్టలు ప్లాస్టిక్ కవర్లో మూతి కట్టి డిక్కీలో పెట్టండి.

ఇలాంటి ప్రయాణాల్లో రీసర్క్యులేషన్ ఆపడానికి ఇంకో బలమైన కారణం ఉంది. అదే గాలి తిరుగుతుంటే ఆవిరితో పాటు మనం వదిలే బొగ్గుపులుసు వాయువు కూడా పెరుగుతుంది. అది ఎక్కువైతే డ్రైవర్‌కు మత్తుగా, కునుకు వచ్చినట్టుగా ఉంటుంది. లోపలి నుంచి తెల్లబడ్డ అద్దం నిజానికి ఒక హెచ్చరిక. కారులో గాలి మారడం లేదని అది చెబుతోంది.

పార్కింగ్‌లో ఆగినప్పుడు ఇంజిన్ నడుపుతూ అద్దాలు మూసి నిద్రపోవద్దు. పొగ గొట్టం నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలి వేస్తే దుప్పట్లు కప్పుకోండి, ఇంజిన్ ఆపి, అద్దం కాస్త దించి పడుకోండి.

బైకు మీద వెళ్తుంటే

హెల్మెట్ వైజర్‌కు ఆవిరి పట్టేదీ మీ ఊపిరితోనే. వైజర్‌ను ఒక మెట్టు పైకి ఎత్తి గాలి ఆడనివ్వండి. గడ్డం దగ్గర, పైన ఉన్న గాలి రంధ్రాలు తెరవండి. ముక్కు మీదుగా కట్టిన మఫ్లర్ ఊపిరిని పైకి నెట్టి వైజర్, కళ్లద్దాలు రెండింటినీ మసకబారుస్తుంది. దాన్ని ముక్కు కిందికి లాగి కట్టుకోండి. ఏమీ కనిపించట్లేదని హెల్మెట్ తీసేసి నడపడం మాత్రం వద్దు.

దారిలో ఉన్నట్టుండి అద్దం కమ్మేస్తే

బ్రేకు గట్టిగా తొక్కకండి, వెనక బండికి మీరు కనిపించకపోవచ్చు. మెల్లగా వేగం తగ్గించండి. అద్దాలు దించండి, గాలిని అద్దం మీదికి తిప్పండి. ఎడమకు ఇండికేటర్ వేసి రోడ్డు పూర్తిగా దిగి, వీలైతే పెట్రోల్ బంకులోనో, దాబా ముందో ఆపండి. ఆపాక హజార్డ్ లైట్లు వేయండి. నడుస్తున్నప్పుడు అవి వేస్తే మీరు ఆగారో, మలుగుతున్నారో వెనకవాళ్లకు తెలియదు.

బయట కూడా పొగమంచు ఉంటే హెడ్‌లైట్లు లో బీమ్‌లోనే ఉంచండి. హై బీమ్ వెలుగు మంచుకు తగిలి మీ కళ్లలోకే వస్తుంది. చూపు 200 మీటర్ల లోపు ఉంటే వాతావరణ శాఖ దాన్ని దట్టమైన పొగమంచు అంటుంది. అలాంటప్పుడు ఎండ వచ్చేదాకా ఆగడమే మంచిది.

జాతీయ రహదారి మీద బండి చెడిపోయినా, సాయం కావాలన్నా 1033, ప్రమాదం జరిగితే 108, పోలీసుల కోసం 112 నంబర్లకు ఫోన్ చేయవచ్చు.

ఈ రాత్రే ఒకసారి మీ కారు దగ్గరికి వెళ్లి రీసర్క్యులేషన్ బటన్, అద్దం మీదికి గాలి తిప్పే బటన్ ఎక్కడున్నాయో చూసుకోండి. చీకట్లో, మంచులో, 60 కి.మీ. వేగంలో వాటిని వెతకాల్సిన అవసరం ఉండకూడదు.